ట్రంకు పెట్టెలోని పాత ఫోటోలను ఇంట్లోనే డిజిటల్ చేసుకోవడం ఎలా?

మూడేళ్ల కిందట మా అమ్మ పెళ్లి ఆల్బమ్‌నీ, ట్రంకు పెట్టె అడుగున ఉన్న విడి ఫోటోల కట్టనీ ఒక జిరాక్స్ షాపులో ఇచ్చాను. సాయంత్రానికి పెన్‌డ్రైవ్ చేతికొచ్చింది. ఫోన్లో చూస్తే బాగానే ఉన్నాయి. తరవాత తాతయ్య సంవత్సరీకానికి ఆయన ఫోటో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టిద్దామని స్టూడియోకి పంపితే అతను ఫోన్ చేసి, "సార్, ఇది సాగదు. ఒరిజినల్ ఉంటే తీసుకురండి" అన్నాడు. తీరా చూస్తే, ఫోటోలు నాలుగేసి చొప్పున ఒక్కో పీడీఎఫ్ పేజీలో పడి ఉన్నాయి. ఆధార్ కార్డు, మార్కుల మెమో స్కాన్ చేసే సెట్టింగులోనే వీటినీ లాగించేశారు. పెద్దది చేస్తే తాతయ్య ముఖం గళ్లు గళ్లుగా విడిపోతోంది. వాళ్లనేం అంటాం? ఎలా కావాలో నేను చెప్పలేదు, చెప్పడానికి నాకూ తెలియదు.

ఆ తరవాత ఒక స్కానర్ కొని అన్నీ మళ్లీ మొదటినుంచి చేశాను. స్కానర్ ఎప్పుడూ ముట్టుకోనివాళ్లు, కెమెరాలో ఆటో మోడ్ దాటి వెళ్లనివాళ్లు నాలాగా రెండుసార్లు చేయకుండా ఒక్కసారికే సరిగ్గా చేసుకునేలా చెప్తాను.

ముందు ఈ రెండు యంత్రాల సంగతి

కెమెరా అయినా స్కానర్ అయినా చేసేది వెలుతురును కొలవడమే. డిజిటల్ కెమెరాలో లెన్సు వెనకాల సెన్సర్ ఉంటుంది. లెక్కల నోటుబుక్కులో గళ్ల పేజీని ఊహించుకోండి. ఒక్కో గడి ఒక్కో పిక్సెల్. గడిలో ఎంత వెలుతురు పడితే అంత సంఖ్య నమోదవుతుంది. అలాంటి గళ్లు పది లక్షలుంటే ఒక మెగాపిక్సెల్. అయితే గడికి వెలుతురు తెలుస్తుంది గానీ రంగు తెలియదు. అందుకని ఒక్కో గడి మీద ఒక్కో రంగు ఫిల్టర్ వేస్తారు: ప్రతి నాలుగు గళ్లలో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. ఆ గడిలో మిగతా రెండు రంగులూ ఎంతుండాలో చుట్టుపక్కల గళ్లను చూసి కెమెరా లెక్కగట్టుకుంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. ఇవాళ్టి ఫోన్లలోనూ దాదాపు ఇదే పద్ధతి.

స్కానర్‌లో గళ్ల పేజీ ఉండదు, సన్నటి పట్టీ ఉంటుంది. అది దీపంతో పాటు అద్దం కింద మెల్లగా జరుగుతూ పోతుంది, మనం వేలు పెట్టుకుని వరస తరవాత వరస చదివినట్టు. పల్చటి రకం స్కానర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతాయి. ప్రతి చుక్క దగ్గరా మూడు రంగులనూ నిజంగానే కొలుస్తుంది, అంచనా వేయదు. పైగా వెలుతురు అంతటా ఒకటే, దూరం మారదు, చెయ్యి వణకదు. చదునైన ఫోటోకు అందుకే స్కానర్‌ని మించింది లేదు. కాకపోతే అద్దానికి ఆనుకోని వస్తువు దగ్గర దాని పప్పులు ఉడకవు.

ఒక ముచ్చట. 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తయారుచేసిన స్కానర్‌తో మొట్టమొదట కంప్యూటర్లోకి ఎక్కిన ఫోటో ఎవరిదో తెలుసా? మూడు నెలల వయసున్న ఆయన కొడుకుది. అడ్డం 176, నిలువు 176 పిక్సెళ్లు, అంతే. అంటే స్కానర్‌కు బోణీ అయిందే ఇంట్లో పిల్లాడి ఫోటోతో. చేత్తో మోసుకెళ్లగలిగే డిజిటల్ కెమెరా 1975 దాకా రాలేదు. కొడాక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన ఆ పెట్టె బరువు మూడున్నర కిలోల పైన. పది వేల పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

ఏది స్కానర్‌కి, ఏది కెమెరాకి

పెట్టె దించగానే ఫోటోలన్నీ చాప మీద పరిచి రెండు కుప్పలు చేయండి. విడి ప్రింట్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పోస్టుకార్డు సైజువి, గుర్తింపు కార్డులు, ఉత్తరాలు స్కానర్ కుప్పలోకి. గోడకున్న ఫ్రేములు, అట్టలా మందమైన కరిజ్మా ఆల్బములు, స్కానర్ అద్దంకన్నా పెద్ద గ్రూప్ ఫోటోలు, విప్పితే చిరిగేలా ఉన్నవి కెమెరా కుప్పలోకి. నెగెటివ్‌లు వేరే కవర్లో వేసి పక్కన పెట్టండి, వాటి సంగతి చివర్లో చూద్దాం.

ఈ దశలోనే ఇంకో పని ఉంది, అసలు పని అదే అంటాను నేను. ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. ఫోటోల వెనక పెన్సిల్‌తో 1, 2, 3 అని సన్నగా నంబరు వేసుకుంటూ, ఆ నంబరు పైకి చదివి ఫోటో వాళ్ల చేతికివ్వండి. "ఈమె మీ పెద్దమ్మ తోటికోడలు, ఇది గృహప్రవేశం రోజు, ఆ వెనక కనపడేది పాత పెంకుటిల్లు" అని వాళ్లే చెప్పుకుపోతారు. మా అమ్మ ఒక్క ఫోటో దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయింది. ఆపకండి. ప్లాస్టిక్ పూత ఉన్న రంగు ప్రింట్ల వెనక మామూలు పెన్సిల్ పడదు, బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీత లేస్తుంది. అలాంటివాటికి చిన్న చీటీ మీద నంబరు రాసి ఫోటోతో పాటు కవర్లో పెట్టడమే మేలు.

స్కానర్ కొనాలా?

ఇంట్లో ఆల్ ఇన్ వన్ ప్రింటర్ ఉంటే కొనక్కర్లేదు. పైన మూత ఎత్తి కాగితం పెట్టే రకం ఏదైనా విడి ఫోటోలకు సరిపోతుంది. కాగితాలను పైనుంచి లోపలికి లాక్కునే ఫీడర్ కూడా దానికి ఉండొచ్చు. ఎంత తొందరలో ఉన్నా పాత ఫోటోను ఆ ఫీడర్లో పెట్టకండి. రోలర్ల మధ్య ఇరుక్కుంటే ఇక దాన్ని అతికించుకోవలసిందే.

కొత్తగా కొనేటట్టయితే రెండు రకాలుంటాయి. పల్చగా, తేలిగ్గా, యూఎస్‌బీ తీగతోనే కరెంటు తీసుకునేవి సీఐఎస్ రకం. కానన్ లైడ్ 300, లైడ్ 400 ఈ కోవలోవే. విడి ప్రింట్లకు ఇవి చాలు. ఎప్సన్ వీ600 లాంటివి సీసీడీ రకం. లావుగా, బరువుగా ఉంటాయి, ధర ఎక్కువ. వీటికి అద్దం నుంచి కాస్త ఎత్తులో ఉన్నదీ స్పష్టంగా కనిపిస్తుంది, మూతలో నెగెటివ్‌ల కోసం దీపం కూడా ఉంటుంది. నెగెటివ్‌లు కట్టలు కట్టలుగా ఉంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 9600, 19200 అని కనిపిస్తే మురిసిపోకండి. 'ఆప్టికల్ రిజల్యూషన్' ఎంతో వెతికి చూడండి, నిజంగా కొలిచేది అంతే. మిగతాది సాఫ్ట్‌వేర్ మధ్యలో చుక్కలు కల్పించి నింపేది, చారులో నీళ్లు పోసినట్టు.

డీపీఐ లెక్క ఒక్కసారి అర్థం చేసుకోండి

షాపులో నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి దీనికి కాస్త సమయం ఇస్తాను. డీపీఐ అంటే అంగుళం పొడవులో ఎన్ని చుక్కలు కొలవాలి అని. 4×6 అంగుళాల ఫోటోను 150లో స్కాన్ చేస్తే 600×900 పిక్సెళ్లు వస్తాయి. ఫోన్ తెరకు అది బాగానే ఉంటుంది, ఫ్రేముకు పనికిరాదు. 300లో చేస్తే 1200×1800. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలనుకుంటే, ఇది మళ్లీ అదే 4×6 సైజులో ప్రింటు తీసుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. 600లో చేస్తే 2400×3600, అంటే 86 లక్షల పిక్సెళ్లు. ఇప్పుడు 8×12 ప్రింటు నిక్షేపంగా వస్తుంది. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసే 12×18 ఫ్రేముకు కూడా ఇది చాలు.

కాబట్టి మామూలు ప్రింట్లన్నింటికీ 600 పెట్టుకుని ఇక దాని గురించి ఆలోచించడం మానేయండి. పాస్‌పోర్టు ఫోటో లాంటి చిన్నవాటికి మాత్రం 1200. మన ఇళ్లలో చాలామంది ముత్తాతలకు, నాయనమ్మలకు మిగిలింది రేషన్ కార్డు కోసమో పెన్షన్ కోసమో దిగిన ఆ ఒక్క చిన్న ఫోటోనే. 35×45 మిల్లీమీటర్ల ఫోటోను 1200లో తీస్తే నాలుగింతలు పెద్దదిగా, సుమారు 14×18 సెంటీమీటర్లలో, ప్రింటు చేసుకోవచ్చు. అంతకుమించి 2400, 4800 అని పెంచుతూ పోతే ముఖం కాదు, కాగితం గరుకు పెద్దదవుతుంది.

ఎంత చోటు పడుతుందని టెన్షన్ వద్దు. 4×6 ఫోటో 600 డీపీఐలో టిఫ్ ఫైలుగా దాచితే సుమారు 26 ఎంబీ. అయిదు వందల ఫోటోలకు 13 జీబీ. ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. టిఫ్ ఏమీ పారేయకుండా దాచే ఫైలు. జేపెగ్ కంటికి తెలియనివి వదిలేసి చిన్నదిగా కుదిస్తుంది, తెరిచి మార్చి దాచిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. మరీ ముఖ్యమైనవి టిఫ్‌లో తీసి, మిగతావి క్వాలిటీ 95 దగ్గర పెట్టి జేపెగ్‌లో తీసుకున్నా తప్పులేదు. నేను అన్నీ టిఫ్ అని మొదలుపెట్టి, ఒకే తిరపతి కొండ ముందు దిగిన పదిహేడో గ్రూప్ ఫోటో దగ్గర నియమం సడలించాను.

తుడవడం

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలో తడి ఉంటే ఫోటో మీది పూత మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. సంక్రాంతి తరవాత రోజులు బాగుంటాయి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనిచ్చి, ఫోటోను అంచులు పట్టుకునే ఎత్తాలి. దుమ్ముంటే మెత్తని కొత్త పెయింటు బ్రష్షుతో ఒకవైపు నుంచి ఇంకోవైపుకు తేలిగ్గా తోసేయండి. కెమెరా షాపుల్లో దొరికే రబ్బరు బుడ్డి బ్లోయర్ ఇంకా మంచిది. నోటితో ఊదితే తుంపర పడుతుంది. తడిగుడ్డ, కొబ్బరినూనె, అద్దాలు తుడిచే స్ప్రే ఫోటో దగ్గరికి రానివ్వకండి. స్కానర్ అద్దాన్ని కళ్లజోడు తుడిచే గుడ్డతో తుడవండి. మరక ఉంటే గుడ్డకు కాస్త తడి చేయండి గానీ అద్దం మీద ఏమీ చల్లకండి, అంచుల్లోంచి లోపలికి దిగితే మళ్లీ విప్పలేం.

సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఇంట్లో ఒప్పుకోరు, తెలుసు.

ఎనభైల, తొంభైల ఆల్బముల్లో జిగురు పేజీ మీద ఫోటో పెట్టి పైన ప్లాస్టిక్ కాగితం కప్పే రకం ఒకటుంది. ఆ జిగురు ఇప్పటికి పసుపురంగుకు తిరిగి సిమెంటులా పట్టేసి ఉంటుంది. విప్పే ముందే పేజీని ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి స్కాన్ చేయండి, ఏదైనా జరిగినా ఆ కాపీ ఉంటుంది. తరవాత పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఒక మూల నుంచి ఫోటో కిందికి దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ మెల్లగా లాగుతూ పొండి. రాకపోతే వదిలేయండి. పేజీతో సహా స్కాన్ చేసినా ఏమీ తక్కువ కాదు.

ఇక స్కాన్ చేద్దాం

కంప్యూటర్లో స్కానర్‌తో వచ్చిన ప్రోగ్రామ్ గానీ, విండోస్ స్కాన్ ఆప్ గానీ తెరవండి. ఉచితంగా దొరికే నాప్స్2 (NAPS2) కూడా బాగుంటుంది. మొదటగా 'డాక్యుమెంట్' అని ఉన్నచోట 'ఫోటో' అని మార్చండి. రంగు అని ఉన్నచోట 'కలర్'. నలుపు తెలుపు ఫోటోకు కూడా కలర్‌లోనే చేయాలి. పాత ఫోటోల్లో ఉన్నది ఉత్త నలుపు కాదు, గోధుమరంగు ఛాయ ఉంటుంది. కొన్నింటికి స్టూడియోవాళ్లు చేత్తో చీరకీ పెదవులకీ రంగు అద్దేవాళ్లు. గ్రే మోడ్‌లో పెడితే అవన్నీ పోతాయి. కావాలంటే తరవాత రంగు తీసేయడం ఒక్క క్లిక్కు పని, తీసేసింది తిరిగి తేవడం కుదరదు.

డీపీఐ 600. ఆటో కరెక్షన్, షార్పెన్, డస్ట్ రిమూవల్ లాంటివన్నీ ఆఫ్. మొదట్లో డస్ట్ రిమూవల్ ఆన్ చేసి ఉంచాను నేను. మా అమ్మమ్మ ఫోటో ఎందుకో వెలితిగా అనిపించింది. ఒరిజినల్ పక్కన పెట్టి చూస్తే, ఆవిడ ముక్కుపుడకను దుమ్ము అనుకుని తుడిచేసింది! పట్టుచీర మీది బుటాలు కూడా సగం లేవు.

ఫోటోను అద్దం మీద బోర్లా పెట్టండి. అద్దం అంచుకు పూర్తిగా ఆనించకండి, ఆ చివర రెండు మూడు మిల్లీమీటర్లు కొన్ని స్కానర్లు చదవవు. వేలెడు లోపలికి జరిపి పెట్టి, ఫోటో వెనకాల ఒక నల్ల కాగితం కప్పి మూత దించండి. నల్ల కాగితం ఎందుకంటే, వెనకవైపు స్టాంపో రాతో ఉంటే తెల్ల మూత వెలుతురును వెనక్కి కొట్టి అది ముందుకు కనిపించేలా చేస్తుంది. పైగా ఫోటో తెల్ల అంచు ఎక్కడ అయిపోయిందో తెలుస్తుంది. ప్రివ్యూ కొట్టి, గీత ఫోటో చుట్టూ కాస్త వదులుగా పెట్టి, స్కాన్ నొక్కండి. నాలుగు ఫోటోలు ఒకేసారి పెట్టుకోవచ్చు, మధ్యలో వేలెడంత ఖాళీ ఉంటే చాలా ప్రోగ్రాములు వాటంతటవే విడగొట్టేస్తాయి. పని జరుగుతుండగా బల్ల కదిలించకూడదు.

మొదటి ఫోటో వచ్చాక ఆగండి. కంప్యూటర్లో పూర్తి సైజుకు పెద్దది చేసి కళ్లు, చీర అంచు చూడండి. అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట ఒకే చుక్క కనిపిస్తే అది అద్దం మీదిది. పొడవుగా పై నుంచి కింది దాకా ఒక గీత ఉంటే అదీ అద్దం మీద పేరుకున్న మురికే కావచ్చు. ఈ రెండు నిమిషాలు చూసుకోక నేను నలభై ఫోటోలు ఒక తలవెంట్రుకతో సహా స్కాన్ చేశాను.

వెనకవైపు రాత గానీ స్టూడియో రబ్బరు స్టాంపు గానీ ఉంటే దాన్నీ స్కాన్ చేయండి, దానికి 300 చాలు. ఊరి పేరు, ఏడాది చాలాసార్లు దొరికేది అక్కడే.

పేపర్ కటింగ్ స్కాన్ చేస్తే ముఖాల మీద చేప పొలుసుల్లాంటి గీతలు వస్తాయి. అచ్చు చుక్కలకూ స్కానర్ చుక్కలకూ పొసగకపోవడం వల్ల అలా జరుగుతుంది. 'డీస్క్రీన్' అనే ఆప్షన్ ఉంటే ఆ ఒక్కదానికి ఆన్ చేయండి. రంగు ఫోటో మొత్తం ఎర్రబారి ఉంటే కంగారు పడకండి. రంగు ప్రింటులో సియాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు అని మూడు రంగుల పొరలుంటాయి. డెబ్బైల, ఎనభైల నాటి చాలా కాగితాల్లో సియాన్ ముందుగా వెలిసిపోయి, మిగిలింది ఎర్రగా కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో ఒక్కో రంగుకు లెవెల్స్ (ఆ రంగు వెలుగు నీడల మోతాదు) సరిచేస్తే చాలావరకు కుదురుకుంటుంది. ఆ దిద్దుబాటు మాత్రం కాపీ మీద చేయండి, స్కాన్ చేసిన అసలు ఫైలును ముట్టుకోకండి.

గోడ మీది ఫ్రేములు: కెమెరా పని

ఫ్రేములో ఉన్న పెద్దల ఫోటోకు దండ తీసి కిందికి దించేముందు ఇంట్లో అడగండి. గంధం, కుంకుమ బొట్టు ఉండేది అద్దం మీద, ఫోటో మీద కాదు. వెనక అట్టకున్న చిన్న మేకులు వంచి ఫోటో బయటికి తీయగలిగితే సగం కష్టం తీరినట్టే. అయితే ముందు ఫ్రేమును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఫోటోలో కొంతభాగం తడిసిన మరకలా అద్దానికి అతుక్కుని కనిపిస్తే లాగొద్దు. ఫోటో మీద ఉండేది జెలటిన్ పూత. గోడ చెమ్మకు అది మెత్తబడి అద్దానికి పట్టేసి ఉంటుంది. లాగితే ముఖం అద్దం మీద, కాగితం మీ చేతిలో మిగులుతాయి. అలాంటిది అద్దం మీద నుంచే కెమెరాతో తీయాలి.

పగటిపూట, నేరుగా ఎండ పడని వరండా లేదా అరుగు చూసుకోండి. గదిలోనే అయితే ఒకే రకం బల్బులున్న టేబుల్ లైట్లు రెండు తెచ్చి, ఫోటోకు చెరోవైపు, పక్కనుంచి 45 డిగ్రీల వాలులో పెట్టండి. ఒకవైపు కిటికీ వెలుతురు, ఇంకోవైపు పసుపు బల్బు ఉంటే సగం ముఖం నీలంగా, సగం పసుపుగా వస్తుంది, దాన్ని సరిచేయడం ఎవరివల్లా కాదు. కెమెరా మీది ఫ్లాష్ ఆఫ్.

ఫోటోను నేల మీద పరిచి, కెమెరాను ట్రైపాడ్‌కు కిందికి చూసేలా బిగించండి. లేదంటే ఫోటోను గోడకు ఆనించి ఎదురుగా పెట్టండి. కెమెరా సరిగ్గా ఎదురుగా ఉందో లేదో కంటితో తేల్చుకోలేరు. ఒక చిన్న అద్దాన్ని ఫోటో మధ్యలో, దానికి ఆనించి పెట్టి కెమెరాలోంచి చూడండి. ఆ అద్దంలో మీ లెన్సు ప్రతిబింబం సరిగ్గా నట్టనడుమ కనిపిస్తే రెండూ సమాంతరంగా ఉన్నట్టు. పక్కకు పోతే కెమెరాను కదిపి సరిచేసుకోండి. ఇది తెలిసేదాకా నా ఫ్రేములన్నీ ఒకవైపు కుంగిన తలుపుల్లా వచ్చేవి.

సెట్టింగులు ఇలా: ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) ఎఫ్/8, షట్టర్ నొక్కేది రెండు సెకన్ల టైమర్. చేత్తో నొక్కితే కదులుతుంది. సెన్సర్ కొలిచింది కొలిచినట్టే దాచే 'రా' (RAW) అనే ఫైలు రకం ఉంటే జేపెగ్‌తో పాటు అదీ ఆన్ చేయండి, రంగు తరవాత ఎలాగైనా సరిచేసుకోవచ్చు. ట్యూబ్‌లైటు కింద తీస్తూ ఫోటోలో అడ్డంగా నీడ పట్టీలు వస్తే షట్టర్ వేగం (షట్టర్ తెరిచి ఉండే సమయం) సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది, ఆ లెక్కకు షట్టర్ సరిపోవాలి. లెన్సును మరీ వైడ్‌లో పెట్టి దగ్గరికి పోతే ఫ్రేము అంచులు ఉబ్బుతాయి. కాస్త వెనక్కి జరిగి జూమ్ చేయండి. ఫోన్‌తో తీసినా ఇదే సూత్రం, 2ఎక్స్ పెట్టి వెనక్కి జరిగితే ఫోన్ నీడ కూడా పడదు.

అద్దం మీద నుంచి తీసేటప్పుడు అసలు శత్రువు ప్రతిబింబం. మా నాయనమ్మ ఫోటోలో ఆవిడ భుజం మీద తెల్లగా ఒకటి కనిపిస్తే శాలువా అనుకున్నాం. ఫ్యాన్ రెక్క! ముదురు రంగు చొక్కా వేసుకోండి. కెమెరా వెనకాల నల్ల దుప్పటి ఒకటి వేలాడదీయండి, లెన్సు మాత్రం బయటికి కనిపించేలా. అప్పుడు అద్దంలో పడేది నల్లదనమే, అంటే ఏమీ పడనట్టే.

ఇంత తతంగం వద్దు, చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదంటే గూగుల్ ఫోటోస్కాన్ ఆప్ ఉంది. ఫోటో మీద నాలుగు చుక్కలు చూపించి, ఒక్కో చుక్క దగ్గరికి ఫోన్ జరపమంటుంది. ఆ కోణాల్లో తీసినవన్నీ కలిపి మెరుపు లేని ఒక్క ఫోటో తయారుచేస్తుంది. ఊరెళ్లినప్పుడు బంధువుల ఇంట్లో పది నిమిషాల్లో తీసుకోవడానికి ఇది దేవుడిచ్చిన వరం. దాచుకునే ఒరిజినల్‌గా మాత్రం స్కానర్ కాపీకి సాటిరాదు.

నెగెటివ్‌ల సంగతి చెప్తానన్నాను. మూతలో దీపం ఉన్న స్కానర్ ఉంటే 2400 డీపీఐలో తీయండి. 35 ఎంఎం ఫిల్ముకు సుమారు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి. అలాంటి స్కానర్లలో దుమ్ము తీసే డిజిటల్ ఐస్ అనే ఆప్షన్ ఉంటే అది రంగు ఫిల్ముకు బాగా పనిచేస్తుంది, మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు పనిచేయదు, దానిలోని వెండి రేణువుల్ని కూడా దుమ్మే అనుకుంటుంది. నెగెటివ్‌లు పది ఇరవైకి మించి లేకపోతే, వాటి కోసం కొత్త యంత్రం కొనేకన్నా, ఫిల్ము స్కాన్ చేసే ల్యాబ్ ఎక్కడుందో కనుక్కుని ఇవ్వండి. ఈసారి డీపీఐ ఎంత కావాలో మీకు తెలుసు.

పేర్లు, తేదీలు

స్కానర్ ఇచ్చే పేర్లు 'స్కాన్0001' అనే ఉంటాయి. వాటిని అలాగే వదిలేస్తే ట్రంకు పెట్టెలోంచి ఇంకో ట్రంకు పెట్టెలోకి మార్చినట్టే. ఏడాది ముందుగా వచ్చేలా పేరు పెట్టండి: '1978-05_పెళ్లి_023'. చివరి నంబరు మీరు ఫోటో వెనక పెన్సిల్‌తో వేసింది. తెలియని ఏడాదికి '1970లు' అని రాయండి చాలు.

ఇంకో చిక్కు. ఫైలు లోపల తేదీ స్కాన్ చేసిన రోజుదే పడుతుంది, లేదా ఏదీ ఉండదు. ఫోన్ గ్యాలరీలో అమ్మ పెళ్లి నిన్న జరిగినట్టు కనిపిస్తుంది. విండోస్‌లో జేపెగ్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్తే 'డేట్ టేకెన్' మార్చుకోవచ్చు. వందల ఫోటోలకు ఒకేసారి కావాలంటే ఉచితంగా దొరికే డిజికామ్ (digiKam) అనే ప్రోగ్రామ్ వాడండి. తేదీతో పాటు ఫోటోలో ఎవరెవరున్నారో ఆ వివరం కూడా ఫైలు లోపలే రాయగలుగుతుంది. గూగుల్ ఫోటోస్‌లోనూ తేదీ మార్చి వివరం రాయొచ్చు గానీ, అవి అక్కడి ఖాతాలో ఉంటాయే తప్ప ఫైలు లోపలికి చేరవు. అందుకని ముందు ఫైలులో రాసి, తరవాత ఎక్కించండి.

దాచడం, పంచడం

ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, ఇంటికి దూరంగా ఇంకొకటి. దూరంగా అంటే క్లౌడ్ కావచ్చు, వేరే ఊళ్లో ఉన్న అక్క ఇంట్లో పెన్‌డ్రైవ్ కావచ్చు. గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిళ్లు కూడా ఉంటాయి, అన్నీ టిఫ్‌లైతే పట్టవు. అక్కడ 'స్టోరేజ్ సేవర్' అని ఉంటే 'ఒరిజినల్ క్వాలిటీ'కి మార్చుకోండి. కుటుంబం గ్రూపులో వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా పంపితే కుదించేస్తుంది. అటాచ్ గుర్తు నొక్కి 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అమెరికాలో ఉన్న మేనమామ ప్రింటు వేయించుకోవాలంటే అదే పంపాలి.

అసలు ఫోటోలు పారేయకండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో కాకుండా కాగితం కవర్లలో, కవరుకు ఒక సందర్భం చొప్పున పెట్టి, పక్కన రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి. అటక మీద వద్దు, అక్కడి వేడికి తట్టుకోవు. బాత్‌రూమ్ గోడకు ఆనుకున్న అల్మారా కూడా వద్దు. బీరువా మధ్య అర చాలు. పెట్టె మీద 'స్కాన్ అయింది' అని తేదీతో సహా పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. లేకపోతే వచ్చే సెలవులకు మీ తమ్ముడు ఎంతో ఉత్సాహంగా అవే ఫోటోలు చాప మీద పరుచుకుని మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెడతాడు.